రెండు దండేలు

2021 నవంబరు మూడవ వారంలో తిరుపతిలో కురిసిన వానను ఈ ఊరివాళ్ళు ఇప్పుడిప్పుడే మరచిపోరు. పద్దెనిమిదవ తేదీన కపిలతీర్థం దగ్గర జలపాతం కొండే కరిగి జారుతున్నట్లుగా దూకింది. తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి. వీధులు కాలువలయ్యాయి. మా వీధిలో కరెంటు పోయింది. ఇంటిల్లిపాదీ తడిపిన గుడ్డలన్నీ మూలన ఉన్న బకెట్లలో పడి, మూడవ నాటికి ముక్కిన వాసన వేయసాగాయి. ఇక లాభం లేదని, హాలులో కిటికీ చువ్వ నుండి వంటింటి తలుపు గొళ్ళెం దాకా ఒక నైలాను తాడు బిగించి గుడ్డలు ఆరవేస్తున్నాను. ఆ రోజుల్లో ఇంటి నుండే ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి చూసి నవ్వింది.

"అమ్మా, ఈ లెక్కన ఇవి సంక్రాంతికి ఆరతాయి. మీ చిన్నప్పుడు ముసురు పడితే గుడ్డలు ఎట్ల ఆరబెట్టేవాళ్ళు?"

"ఇట్లే" అని నా పనిలో నేను పడ్డాను. కానీ అది నిజం కాదు. మా చిన్నప్పుడు ఇంటి లోపల గుడ్డలు ఆరబెట్టడానికి ఒక పద్ధతీ, ఆ పద్ధతికొక శాస్త్రమూ, ఆ శాస్త్రం వెనుక చెప్పుకోవడానికి ఇష్టంలేని కొన్ని సంగతులూ ఉండేవి. రాజుల చరిత్రలో దండేనికి చోటు ఉండదు. తడిగుడ్డకు శాసనమూ ఉండదు. అయినా అదీ చరిత్రే కనుక, ఆనాడు అమ్మాయికి చెప్పకుండా దాటవేసిన జవాబును ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందుగా మా సీమ వానల గురించి చెప్పాలి. ఆంధ్రదేశంలో చాలా చోట్ల వానాకాలమంటే ఆషాఢ శ్రావణ భాద్రపదాలు. 1911లో ఏర్పడిన పాత చిత్తూరు జిల్లాకు (2022 ఏప్రిల్ నుండి తిరుపతి వేరే జిల్లా అయింది) వాన రెండు విడతలుగా వస్తుంది. నైరుతి కొంత కురిసి వెళ్ళిపోయాక, అక్టోబరు నుండి డిసెంబరు దాకా బంగాళాఖాతం మీదుగా వచ్చే ఈశాన్య పవనాలు మిగిలిన వంతు కురిపిస్తాయి. తూర్పున సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు ఈ రెండవ విడతే ఎక్కువ. ఇది ఉరిమి, కురిసి, వెలిసిపోయే వాన కాదు. వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు, నాలుగు రోజులు సన్నని ముసురు. సూర్యుడు కనిపించడు. గాలిలోనే నీరు ఉంటుంది.

ఆ నెలలను మన పంచాంగంతో కలిపి చూడండి. ఆశ్వయుజం చివర, కార్తికం, మార్గశిరం. అంటే తెల్లవారుజామున తలస్నానాలు, దీపాలు, ఉపవాసాలు, రోజూ మడి. ఏడాది మొత్తంలో మడిగుడ్డలు ఎక్కువగా కావలసిన నెల, గుడ్డలు ఆరడానికి అన్నిటికంటే మొండికేసే నెల మా సీమలో ఒకటే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఎండ మీద ఆధారపడి బతికే వృత్తులవాళ్ళు ఆ నెలల్లో పని ఆపుకుంటారు. శ్రీకాళహస్తి కలంకారీనే చూడండి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో బట్టను నానబెట్టి ఆరవేయాలి. గీసి ఆరవేయాలి. పటిక పూసి ఆరవేయాలి. రంగులో ఉడికించి, పారే నీళ్ళలో ఉతికి, మళ్ళీ ఆరవేయాలి. స్వర్ణముఖి ఇసుక తిన్నెలే వాళ్ళకు దండేలు. ముసురులో ఆ పని సాగదు. నారాయణవనం, నగరి వైపు చేమగ్గాల నేతగాళ్ళకూ అంతే. వీధిలో సాగదీసిన పడుగుకు గంజి పెడితే అది ఎండాలి కదా. వానపడితే మగ్గం మూగపోతుంది. అయితే వంటింటికి ఆ వెసులుబాటు లేదు. ముసురైనా, పెనుగాలైనా పొద్దున పొయ్యి వెలగాలి. పొయ్యి వెలిగించే మనిషి ఒంటి మీద ఆరిన మడిచీర ఉండాలి.

మా అవ్వ ఇల్లు చంద్రగిరికి దగ్గరలో ఒక పల్లెలో ఉండేది. మట్టి మిద్దె. మందపు గోడలు, టేకు దూలాలు, నడుమ ఒక తొట్టి, వంటింటి కప్పులో పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ జానెడు గవాక్షం. వాన వస్తే దాని మీద కుండపెంకు మూసేవాళ్ళు. పూర్తిగా కాదు, ఓరగా. ఆ వంటింట్లో దూలాలకు రెండు తాళ్ళు వేసి వేలాడదీసిన వెదురుగడ ఉండేది. అది మడి దండెం. ఎవరూ నిలబడి చేయి చాపినా అందనంత ఎత్తు. గుడ్డను పైకి వేయడానికీ, కిందికి తీయడానికీ ఒక పొడవాటి కర్ర. దాన్ని మడికర్ర అనేవాళ్ళం. పిల్లలు ఆ కర్రను ముట్టుకోకూడదు, దండెం కింద ఆడుకోకూడదు.

నియమం ఇది. వంట చేసే మనిషి స్నానం చేసి, తడిచీరతోనే వచ్చి, నిన్న ఆరవేసిన చీరను కర్రతో దించుకొని కట్టుకోవాలి. ఈ రోజు విడిచిన చీరను తానే జాడించి, తానే పిండి, కర్రతోనే దండెం మీదికి ఎత్తాలి. స్నానం చేయనివారెవరైనా దాన్ని తాకితే అది మైలపడినట్లే. అప్పుడు ఒకటే దారి. దాన్ని మళ్ళీ నీళ్ళలో ముంచాలి. ఆరిన చీర లేకపోతే ఆ తడిచీరనే కట్టుకోవాలి. తడిగుడ్డ మడికి పనికివస్తుంది. ఎవరో తాకిన పొడిగుడ్డ పనికిరాదు.

అవ్వకు మడికి రెండే నూలుచీరలు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. దీని అర్థమేమిటో గృహిణులకు చెప్పనక్కరలేదు. ప్రతి చీరా సరిగ్గా ఇరవైనాలుగు గంటల్లో ఆరి తీరాలి. ఎండాకాలంలో నాలుగు గంటలు చాలు. ముసురులో రెండు రోజులు పట్టవచ్చు. కలిగినవాళ్ళు ఈ చిక్కును గుడ్డ మార్చి దాటేవారు. పట్టుచీరకు మడిలో మినహాయింపు ఉంది, రోజూ తడపనక్కరలేదు. ధావళి అనే ఉన్నిబట్టకూ అంతే. నారమడి అనే నారబట్ట పలచన, తొందరగా ఆరుతుంది. అవ్వకు అవేవీ లేవు. మడి అందరికీ ఒకటే అనేవారు గానీ, దండెం మీద రెండు నూలుచీరలున్న మనిషి మడి వేరు, పెట్టెలో ధావళి ఉన్న మనిషి మడి వేరు.

అయితే, ఆ వెదురుగడ వేలాడదీసిన చోటును ఈనాటి బుద్ధితో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. తాకకూడదన్న నియమం దాన్ని పైకి నెట్టింది. పైకి వెళ్ళడం వల్ల అది ఇంట్లోకెల్లా మంచి చోటుకు చేరింది. పొయ్యి వేడికి గాలి తేలికై కప్పు కిందికి చేరుతుంది. ఆ వెచ్చని గాలి చీరలోని నీటిని పీల్చుకొని, ఓరగా తెరిచిన గవాక్షం గుండా బయటికి పోతుంది. దాని స్థానంలోకి తొట్టి వైపు నుండి కొత్త గాలి వస్తుంది. ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలపు వంటిళ్ళలో కూడా కొయ్యబద్దల చట్రాన్ని కప్పీల మీద తాళ్ళతో పొయ్యి పైకి లాగి గుడ్డలు ఆరబెట్టుకునేవారు. అక్కడ మడీ లేదు, మైలా లేదు. ఎండ మాత్రమే లేదు. 1892లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డేటన్ పట్టణవాసి జార్జ్ టి. శాంప్సన్ అనే నల్లజాతీయుడు గుడ్డలారబెట్టే సాధనానికి పేటెంటు పొందాడు. అదీ పొయ్యి వేడికి దగ్గరగా గుడ్డలను నిలిపే చట్రమే. మన పురిటిళ్ళలో నిప్పుల కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద పసిబిడ్డ పొత్తిగుడ్డలు పరచి, ఇంత సాంబ్రాణి చల్లేవారే, దానికి ఇది దూరపు చుట్టమన్నమాట.

ఇక నేను దాటవేసిన సంగతి. నాకు పదేళ్ళప్పుడు ఒక కార్తిక సోమవారం. మూడు రోజులుగా ముసురు. అవ్వ నూతి దగ్గర స్నానం చేస్తున్నది. వంటింట్లో ఎవరూ లేరు. మడికర్ర గోడకు ఆనించి ఉంది. దాన్ని తీసుకొని, పెద్దదానిలా దండెం మీది చీరను సర్దబోయాను. చెంగు జారి నా భుజం మీద పడింది. అంతలో అవ్వ తడిచీరతో లోపలికి వచ్చి గడపలోనే నిలబడిపోయింది.

తిట్టలేదు. కొట్టలేదు. "పక్కకు రా మే" అన్నది. కర్రతో చీరను దించి, గంగాళంలో ముంచి, పిండి, దాన్నే కట్టుకున్నది. రెండు రోజులు దండెం మీద ఉండి దాదాపు ఆరిన చీర అది. పొయ్యి ముందు కూర్చుంటే పళ్ళు కటకటమంటున్నాయి. నేను ఏడుపు మొదలుపెడితే, "పొయ్యి కాడ ఉంటే అదే ఆరిపోతాది లే" అన్నది. ఆ రోజు ఆమెకు ఉపవాసం. మేమందరం వేడివేడిగా తిన్నాము. సాయంత్రానికి చీర ఆరిపోయింది. రాత్రికి అవ్వకు జ్వరం వచ్చింది. నాలుగైదు రోజుల్లో లేచి తిరిగింది, అది వేరే సంగతి. ఆ చీర ఆరింది దండెం మీద కాదు, అవ్వ ఒంటి మీద.

తరువాత చదువుకున్న భౌతికశాస్త్రం ఆ సాయంత్రాన్ని నాకు అంకెల్లో చూపింది. ఒక కిలో నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఈ గుప్తోష్ణం సంగతిని 1760ల్లో స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ కనిపెట్టాడు. చేత్తో పిండిన నూలుచీరలో అరకిలో నీరు మిగిలిందనుకుందాం. అది ఆరడానికి 1,200 కిలోజౌళ్ళు, అంటే సుమారు 290 కేలరీలు కావాలి. ఒక పూట తినే అన్నంలో ఉండేంత శక్తి. కొంత పొయ్యి ఇచ్చింది, కొంత గాలి ఇచ్చింది, తక్కినది ఉపవాసమున్న ఒళ్ళు ఇచ్చింది.

అవ్వ దండెం కథ ఇంతవరకు చెబితే చాలామంది పెద్దలు తలలూపుతారు. "ఆనాటి ఆచారాలు, ఆ నిష్ఠ" అంటారు. అయితే ఆ ఇంట్లోనే రెండవ దండెం ఒకటి ఉండేది. దాన్ని ఎవరూ దండెం అనేవారు కాదు. అసలు దాని మాటే ఎత్తేవారు కాదు.

పశువుల కొట్టం వెనుక, గడ్డివామి పక్కన, మోకాలి ఎత్తులో రెండు గుంజలకు కట్టిన పాత కొబ్బరితాడు అది. నెలలో మూడు రోజులు 'దూరం' ఉన్న ఆడవాళ్ళు వాడిన గుడ్డలు అక్కడ ఆరేవి. పాత చీరలు చింపిన పేలికలు. వాటి మీద ఒక గోనెపట్టానో చిరుగుల తువ్వాలో కప్పాలి. మగవాళ్ళ కంట పడకూడదు. పాములు చూస్తే దోషమని కూడా భయపెట్టేవారు. అంచేత ఎండాకాలంలో కూడా వాటికి ఎండ తగిలేది కాదు. ముసురులో చెప్పేదేముంది? గోనె తడుస్తుంది, కింది గుడ్డా తడుస్తుంది. మరునాటికి వేరే గుడ్డ లేకపోతే ఆ తడిదే మళ్ళీ వాడుకోవాలి. పదమూడవ ఏట నేనూ ఆ తాడు దగ్గరికి వెళ్ళాను. ఎట్లా ఉతకాలో మా పిన్నమ్మ చెప్పింది. ఎట్లా ఆరబెట్టాలో చెప్పలేదు. ఎట్లా దాచాలో మాత్రం చెప్పింది.

ఒకే ఇంట్లో రెండు దండేలు. ఒకటి అన్నిటికన్నా పైన, ఒకటి అన్నిటికన్నా కింద. ఒకదాన్ని ఎవరూ తాకకూడదు, ఇంకొకదాన్ని ఎవరూ చూడకూడదు. నాన్న పంచెలు, మామయ్య చొక్కాలు, దుప్పట్లు, తువ్వాళ్ళు మిద్దె మీద హాయిగా ఎండలో ఆరేవి. ఎండ దొరకని గుడ్డలు రెండే, ఆ రెండూ ఆడవాళ్ళవే. శుచి పేరుతో ఒకటి, అశుచి పేరుతో ఒకటి. మా ఇంట్లో నీడన గుడ్డ ఆరబెట్టడమంటే వాన మాత్రమే తెచ్చిన అవసరం కాదని నాకు అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఈ రెండు దండేల నడుమ మూడవ మనిషి ఒకామె ఉన్నది. మా ఊరి చాకలామె. మూడు రోజులయ్యాక ఆడవాళ్ళు విడిచిన చీరలు, పురిటి గుడ్డలు, పక్కబట్టలు మూటగట్టి రేవుకు తీసుకుపోయేది. చౌడు పట్టించి, బానలో ఉబ్బబెట్టి, బండ మీద ఉతికి తెల్లగా చేసి తెచ్చేది. అంత తెల్లని గుడ్డను కూడా మా ఇంట్లో మళ్ళీ ఒకసారి నీళ్ళలో జాడిస్తేగాని మడికి రాదు. దాన్ని శుభ్రం చేసిన చేయే దానికి మైల అన్నమాట. ముసురు రోజుల్లో ఆమె ఆ మూటలన్నీ ఎక్కడ ఆరబెట్టేదో నేనొకసారి కళ్ళారా చూశాను. అమ్మ ఏదో పని మీద పంపితే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఒకటే గది, బోదకప్పు. గోడ నుండి గోడకు తాళ్ళు. ఊళ్ళో పెద్ద ఇళ్ళ పంచెలు, దుప్పట్లు, చీరలు గదినిండా వేలాడుతున్నాయి. వాటి కింద పిల్లలు ముడుచుకొని పడుకున్నారు. నడుమ ఒక కుంపటి. "ఇంగా ఆరలేదమ్మా, రేపు తెస్తానని చెప్పు" అన్నది. తాకితే మైలపడుతుందని మేము చెప్పుకునే గుడ్డలు మూడు రాత్రులు వాళ్ళ ఊపిరి మధ్య ఆరాయి. దానికి ఆమెకు ముట్టేది కోతల కాలంలో మేర ధాన్యం, సాయంత్రం పూట ఇంటింటి ముద్ద. ముసురు రోజుల కుంపటి బొగ్గుల ఖర్చు ఎవరూ ఇచ్చినట్లు నాకు గుర్తులేదు.

తడిగుడ్డకూ ఆరోగ్యానికీ సంబంధమేమిటో ఆనాడు తెలియదా అంటే, మా జిల్లాకే తెలిసి ఉండాలి. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయరోగుల కోసం క్రైస్తవ మిషన్లు కలిసి ఒక చికిత్సాలయం కట్టాయి. డెన్మార్కు నుండి వచ్చిన వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నడిపాడు. క్షయకు మందులు రాని కాలమది. అప్పటి చికిత్సలో పెద్ద భాగం విశ్రాంతి, మంచి తిండి, పొడిగాలి, వెలుతురు. అందుకే మదనపల్లె మెట్ట ప్రాంతానికి అంత పేరు వచ్చింది. (తడిగుడ్డ కట్టుకుంటే క్షయ రాదు, అది క్రిమి వల్ల వస్తుంది. కానీ గాలీ వెలుతురూ లేని గదులు ఆ క్రిమికి మేలు చేస్తాయి.) గాలీ ఎండా వెతుక్కుంటూ దూరదూరాల నుండి రోగులు మా జిల్లాకు వస్తున్న కాలంలో, మా పల్లెల్లో ఆ రెండింటినీ కొన్ని గుడ్డలకు దక్కకుండా చేసుకున్నాము. ఇక రెండవ దండెం విషయం. ఒడిశా ఆసుపత్రులకు వచ్చిన స్త్రీలపై జరిపిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. నెలసరి గుడ్డలను ఇంటి లోపల ఆరబెట్టుకునేవారిలో, మరుగుదొడ్డిలో దాచుకునేవారిలో కాండిడా అనే శిలీంధ్రపు వ్యాధి ఎక్కువగా కనబడిందని అది చెప్పింది. మా పిన్నమ్మ తరం ఏళ్ళ తరబడి 'ఒంటి బాధ' అని నోరు మూసుకొని భరించినవాటిలో దీని పాలు ఎంతో ఇప్పుడు లెక్కకట్టలేము.

మరి ఈ రెండు దండేలు ఎట్లా పోయాయి? ఉద్యమం వచ్చి కాదు, ఉపన్యాసాలు విని కాదు. మొదట గుడ్డ మారింది. నైలాను, టెరిలిన్, పాలియెస్టరు చీరలు పల్లెలకు వచ్చాయి. నూలుపోగు గాలిలోని తేమను తన బరువులో నూటికి 8 పాళ్ళ దాకా తనలో ఉంచుకుంటుంది. పాలియెస్టరు అరపాలు కూడా ఉంచుకోదు. పిండి దులిపితే సగం ఆరినట్లే. అది మడికి వస్తుందా రాదా అన్న చర్చ మా ఇంట్లో చాలా కాలం జరిగింది. వస్తుందని మా అమ్మ తేల్చింది, తేల్చినరోజు ముసురు పట్టి ఉంది. చెమటకు చిరాకనీ, పొయ్యి దగ్గర అంటుకుంటుందనీ (అది నిజంగా ప్రమాదమే) ఎన్ని లోపాలు చెప్పినా, మా వైపు ఆడవాళ్ళకు ఆ చీరలు ఇచ్చిన సుఖాన్ని నేను తీసివేయలేను. తరువాత ఇల్లు మారింది. మిద్దె పోయి సిమెంటు స్లాబు వచ్చింది. దూలాలు లేవు, గవాక్షం లేదు, పైన దండెం కట్టే చోటే లేదు. గ్యాసు పొయ్యి వచ్చింది, సీలింగు ఫ్యాను వచ్చింది. దుకాణాల్లో నెలసరి ప్యాడ్లు వచ్చాయి. 2021 అక్టోబరులో ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకు వాటిని ఉచితంగా ఇచ్చే 'స్వేచ్ఛ' పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. అమ్మాయి నన్ను ఆ ప్రశ్న అడగడానికి ఒక్క నెల ముందు.

పాత ఇల్లు పోతూ పోతూ ఒక మంచిని కూడా వెంట తీసుకుపోయింది. అది గవాక్షం. నేడు వాన రోజుల్లో మనం కిటికీలన్నీ బిగించి, గదిలో తాడు కట్టి, ఫ్యాను వేసి, గుడ్డలు ఆరడం లేదని విసుక్కుంటాము. లెక్క చూడండి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో 28 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 25 డిగ్రీల వేడిమిలో ఆ గాలి మొత్తం మోయగలిగేది 650 గ్రాముల నీటిని. ముసురులో అప్పటికే నూటికి 80 వంతులు నిండి ఉంటుంది. మిగిలిన చోటు 130 గ్రాములకే. ఒక్క నూలుచీరలోనే అరకిలో నీరుంటే, అది ఎక్కడికి పోవాలి? గోడలకు పడుతుంది, బీరువా వెనుక బూజు అవుతుంది, దగ్గు అవుతుంది. నీరు ఆవిరయ్యే వేగం చుట్టూ ఉన్న గాలిలోని తేమను బట్టి ఉంటుందని 1802 ప్రాంతంలోనే జాన్ డాల్టన్ లెక్కలతో చెప్పాడు. ఓరగా మూసిన కుండపెంకుతో మా అవ్వకూ అది తెలుసు.

కనుక ముసురులో నేను చేసేది ఇది. ముందు నీటిని వీలైనంత చేత్తోనే తీసివేయాలి, ఆవిరి చేసి తీయడమే అన్నిటికన్నా ఖరీదు. యంత్రముంటే రెండవసారి కూడా తిప్పాలి. లేకపోతే గుడ్డను పొడి తువ్వాలులో చుట్టి, మెలిపెట్టి, మోకాలితో అదిమితే ఆశ్చర్యపడేంత నీరు తువ్వాలుకు పోతుంది. గుడ్డకూ గుడ్డకూ నడుమ జానెడు ఎడం ఉండాలి. చీరను నాలుగు మడతలు వేసి వేలాడదీస్తే లోపలి మడత ఆరదు, రెండు తాళ్ళ మీద పందిరిలా పరచాలి. తాడు పైకప్పుకు దగ్గరగా ఉండాలి. ఫ్యాను గాలి గుడ్డల మధ్య నుండి పోవాలి. ఎదురెదురుగా రెండు కిటికీలు నాలుగేసి వేళ్ళు తెరిచి ఉండాలి, బయట వాన పడుతున్నా సరే. చొక్కాలను మధ్యలో ఒకసారి తిరగేయాలి. అంచులు, కుట్లు, జేబులు మాత్రం తడిగా మిగిలితే ఇస్త్రీ. పాత రకం ఫ్యాను 70 వాట్ల లెక్కన ఎనిమిది గంటలు తిరిగినా సగం యూనిటు చిల్లరే. కరెంటు వేడితో ఒక కిలో నీటిని ఆవిరి చేయాలంటే నష్టాలు పోను కనీసం ముప్పాతిక యూనిటు దాకా కావాలి. గాలి చేసే పనిని నిప్పుతో చేయించనక్కరలేదు.

అన్నట్టు, అన్నిటికన్నా వేగమైన పద్ధతిని ఎవరైనా తిరుమలలో చూడవచ్చు. పుష్కరిణిలో మునిగి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు తడిచీరను ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు పట్టుకొని, గాలికి ఎదురుగా చాపి నిలబడతారు. మడత లేదు, తాడు లేదు. ఆ ఆరు గజాలూ గాలిలో తెరచాపలా లేస్తాయి. కబుర్లు చెప్పుకుంటుండగానే చీర ఆరిపోతుంది. తరతరాలుగా వేలమంది మధ్య, బాహాటంగా, ఎవరూ ఏమీ అనుకోకుండా జరుగుతున్న పని. అక్కడే ఇంకొక వైపు అంగప్రదక్షిణం చేసేవారు తడిగుడ్డలతో తెల్లవారుజామున గుడి చుట్టూ పొర్లుతారు. అది వాళ్ళు కోరి మొక్కుకున్న తడి. కోరుకున్న తడికీ, కోరకుండా మీద పడ్డ తడికీ తేడా నాకు ఆ మెట్ల మీద నిలబడినప్పుడల్లా గుర్తుకు వస్తుంది.

ఆ నవంబరు వాన వెలిసే ముందు రోజు సాయంత్రం కరెంటు వచ్చింది. ఫ్యాను వేసి, కిటికీలు ఓరగా తెరిచాను. మా అమ్మాయి తన గదిలో నుండి ఉతికిన లోదుస్తులు తెచ్చి, తాడు చివర ఒక మూలగా వేసి, వాటి మీద తువ్వాలు కప్పబోయింది. ఎవరు నేర్పారో! నేను నేర్పలేదు. నేర్పలేదనే అనుకుంటున్నాను.

"కప్పొద్దు మే, ఆరవు" అన్నాను.

తువ్వాలు తీసి పక్కన వేసింది. హాలు నడుమ, ఫ్యాను కింద, వాళ్ళ నాన్న చొక్కాలకూ నా పూజచీరకూ మధ్య చోటు చేసి, వాటినీ వరుసగా పరిచాను. తెల్లవారేసరికి అన్నీ ఆరాయి.